ఎవరు చదవకూడదు

మార్చి 3, సోమవారం

కొత్త కట్ట వచ్చింది. డిటెక్టివ్ నవలలు పన్నెండు, ఒక్కోటీ మూడు కాపీలు. మధ్యాహ్నం షట్టరు సగం దించి, ఒక్కొక్కటీ విప్పి వాసన చూసి, గుమ్మానికి ఎదురుగా ఉన్న అరలో నిలబెట్టాను. ఈ వారం లోపు పన్నెండూ చదివి పన్నెండు చీటీలు రాసి అరకి అంటించాలి. ఈ కొట్టు పరువంతా ఆ చీటీల్లోనే ఉంది. చీటీకి మూడే వరసలు: ఎవరు పోయారు, ఎవరు వెతుకుతున్నారు, ఎవరు చదవకూడదు. మొదటి రెండూ మా ఆయన పెట్టిన పద్ధతి. మూడోది నా సొంతం. లిఫ్టులో ఒంటరిగా వెళ్ళేవాళ్ళు చదవకూడదు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు చదవకూడదు. అత్తగారితో పడనివాళ్ళు అసలే చదవకూడదు. ఆ మూడో వరస కోసమే జనం లోపలికి వస్తారు. వచ్చి, వద్దన్న పుస్తకమే పట్టుకుపోతారు, అది వేరే సంగతి.

ఈ మధ్య అచ్చు మరీ చిన్నగా వేస్తున్నారు. కాగితం మిగుల్చుకుంటున్నారు కాబోలు. రేపు బల్బు మార్పించాలి.

మార్చి 4, మంగళవారం

బల్బు మార్పించాను. అత్తగారు ఎనభై నాలుగేళ్ళ వయసులో కర్ర కూడా పట్టుకోకుండా మేడ దిగి వచ్చి చూశారు.

"కొట్లో పెళ్ళేమన్నా చేస్తున్నావా కోడలా, ఇంత వెలుగు పెట్టావు?"

"అక్షరాలు చిన్నవి అత్తయ్యా."

"అక్షరాలు చిన్నవయ్యాయో, నీ చూపు చిన్నదయిందో."

రెండేళ్ళ కిందట కళ్ళకు ఆపరేషన్ చేయించుకున్నప్పటి నుంచీ లోకంలో అందరికీ చూపు తక్కువేనని ఆవిడ నమ్మకం. గోడ మీద బల్లికి కాలివేళ్ళెన్నో కూడా చెబుతానంటారు. నా కళ్ళకేం కాలేదు. నిద్ర చాలక మసకేస్తున్నాయి, అంతే.

మార్చి 6, గురువారం

మొదటి పుస్తకం ముప్పై పేజీలు చదివాను. రెండోది పన్నెండు. ఆ తర్వాత ఒక వరస వెళ్ళి ఇంకో వరస మీద కూర్చుంటోంది. మూడోదానికి వెనక అట్ట మీద రాసింది చదివాను. అక్కడ అక్షరాలు పెద్దవి, నలుపు కూడా బాగుంది. ముప్పై ఏళ్ళుగా ఈ నవలల మధ్యే బతుకుతున్నదాన్ని. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా?

ఐదు చీటీలు రాశాను. పుస్తకాలు తర్వాత చదువుతాను.

మార్చి 8, శనివారం

పన్నెండు చీటీలూ అయిపోయాయి. వారం కూడా పట్టలేదు. ముసలిదాన్నయిపోయానని ఎవరైనా అంటే చూపించాలి.

మూడో వరసకే కాస్త తడుముకున్నాను. అట్ట మీద పడవ ఉన్నదానికి నీళ్ళంటే భయమున్నవాళ్ళు వద్దని, పియానో ఉన్నదానికి పక్కింటి సంగీతంతో విసిగిపోయినవాళ్ళు వద్దని రాశాను. 'గొడుగు మరిచిన మనిషి' అని ఒకటుంది, బూడిదరంగు అట్ట. దాని మీద ఒక బెంచీ, బెంచీ మీద ఒక గొడుగు, ఇంకేమీ లేదు. గొడుగంటే భయపడేవాళ్ళు ఎవరుంటారు? ఎంతసేపు ఆలోచించినా ఏమీ తోచలేదు. 'అందరూ చదవొచ్చు' అని రాసి పెట్టేశాను. ముప్పై ఏళ్ళలో ఆ మాట రాయడం ఇదే మొదటిసారి. మంచి పుస్తకమే అయి ఉంటుంది.

మార్చి 10, సోమవారం

టేపమ్మ వచ్చింది. దాని కుట్టుకొట్టుకి సోమవారం సెలవు, నా కొట్టుకి అది వచ్చే రోజు. సెలవు రోజున కూడా మెడలో కొలతల టేపు తియ్యదు. ఆ పేరు నేను పెట్టిందే. మొహం మీదే పిలుస్తాను, నవ్వుతుంది.

పదకొండేళ్ళుగా దానికి పుస్తకం ఇచ్చేముందు ఒక పని తప్పకుండా చేస్తున్నాను. ముందు చివరి అధ్యాయం చదువుతాను. తప్పిపోయినవాడు దొరికితేనే దాని చేతిలో పెడతాను. బతికి దొరకనీ, శవమై దొరకనీ, దొరకాలి. దొరకనివాటిని వెనక అరలోకి తోసేస్తాను. దాని తమ్ముడు గుండీలు తెస్తానని చెప్పి వెళ్ళి పంతొమ్మిదేళ్ళయింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, చొక్కా సగం కుట్టి మిషను మీదే వదిలి వెళ్ళాడు. మొదటిసారి కొట్టుకి వచ్చినప్పుడు చెప్పింది, "పుస్తకంలోనైనా దొరుకుతారు కదక్కా, అందుకే చదువుతాను" అని. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఈసారి నేను ఇచ్చేలోపే బూడిదరంగు పుస్తకం తనే తీసుకుంది. చీటీ ముందు చాలాసేపు నిలబడింది.

"ఇది నేను కూడా చదవొచ్చా అక్కా?"

"అందరూ అని రాశాను కదే."

ఇంకేదో అడగబోయి ఆగి, పుస్తకం గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయింది.

వెనక అట్ట మీద 'చివరి పేజీ మిమ్మల్ని వదిలిపెట్టదు' అని ఉంది. దొరక్కపోతే అలా ఎందుకు రాస్తారు? దొరికే ఉంటాడు.

మార్చి 11, మంగళవారం

మళ్ళీ బల్బు మార్పించాను. ఇంకా పెద్దది.

దొరికే ఉంటాడు.

మార్చి 13, గురువారం

ఐదోపేజీ గారు వచ్చారు. రిటైరైన పోస్టుమాస్టరు. ఏ నవలైనా సరే, ఐదో పేజీకల్లా హంతకుడెవరో తనకు తెలిసిపోతుందంటారు. చివరికి వేరేవాడని తేలితే రచయితని తప్పు పడతారు.

"ఏమ్మా, చీటీలో ముసలి ఇన్‌స్పెక్టరు వెతుకుతున్నాడని రాశారు. ఆయన మూడో పేజీలోనే చచ్చిపోయాడు. వెతికేది ఆయన మనవరాలు!"

నా గుండె జారింది. నోరు మాత్రం జారలేదు.

"మిమ్మల్ని పక్కదారి పట్టించాలనే అలా రాశానండీ."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "అబ్బ! చీటీలో కూడా మలుపా!" అని మురిసిపోయి ఇంకో రెండు తీసుకెళ్ళారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడ్డాను. తర్వాత చాలాసేపు కూర్చోవలసి వచ్చింది.

మార్చి 17, సోమవారం

టేపమ్మ రాలేదు. ఈ పదకొండేళ్ళలో కామెర్లు వచ్చినప్పుడు తప్ప ఒక్క సోమవారం కూడా మానలేదు. జలుబు చేసి ఉంటుంది.

మార్చి 18, మంగళవారం

'గొడుగు మరిచిన మనిషి' ఇంకో కాపీ పట్టుకుని మేడెక్కాను. పన్నెండు గంటల ఎండలో, డాబా మీద, చివరి అధ్యాయం తెరిచాను. దగ్గరగా పెట్టాను, దూరంగా పెట్టాను, ఒక కన్ను మూశాను. అత్తగారు బట్టలు ఆరేయడం ఆపి వచ్చి పుస్తకం లాక్కున్నారు.

"ఇటివ్వు. అరగంట నుంచి ఒకటే పేజీని ముక్కుకి రాసుకుంటున్నావు. ఎక్కణ్ణుంచి చదవాలి?"

ఆవిడ చదివారు, నేను విన్నాను. భర్త బస్టాండులో బెంచీ మీద గొడుగు మరిచిపోయి మాయమయ్యాడు. అతని భార్య రోజూ ఆ గొడుగు పట్టుకుని అదే బెంచీ మీద కూర్చుంటుంది. చివరి పేజీలో వాన పడుతుంది. చంకలో పసిబిడ్డతో ఎవరో ఒకావిడ తడుస్తూ నిలబడి ఉంటే, ఈమె లేచి గొడుగు విప్పి ఆమె చేతికిచ్చి, తను తడుస్తూ ఇంటికి వెళ్ళిపోతుంది.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది, అచ్చేసినవాళ్ళ మిగతా పుస్తకాల పేర్లు."

"అతను దొరకలేదా?"

"దొరకలేదు." అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుని, "బాగా రాశాడు వెధవ" అన్నారు.

దాన్ని టేపమ్మ తీసుకుంటుంటే నేను ఆపలేదు. అడిగినప్పుడు కూడా అందరూ అని చెప్పి మరీ పంపాను.

మార్చి 19, బుధవారం

కుట్టుకొట్టుకి వెళ్ళాను. పుస్తకం తిరిగి తీసుకుని, పొరపాటయింది తల్లీ అని చెబుదామని బయల్దేరాను. అదేమో నన్ను చూడగానే మిషను ఆపి లేచి, రెండు చేతులూ పట్టుకుంది.

"నేనే వద్దామనుకుంటున్నా అక్కా. మొదట ఏడ్చాను, అబద్ధమెందుకు. తర్వాత అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"పదకొండేళ్ళు మీరు నాకు దొరికినవాళ్ళ కథలే ఇచ్చారు. తెలీదనుకున్నారా? నేను వచ్చేసరికి వెనక అరలోకి తోసేసినవి ఏవో నేనూ చూసేదాన్ని. మీరు ప్రతి పుస్తకానికీ ఎవరో ఒకరిని వద్దంటారు. ఈ ఒక్కదానికే అందరూ అన్నారు. అడిగితే మళ్ళీ అదే మాటన్నారు. అక్క చదివింది, బాగా ఆలోచించింది, ఇక చాలు తల్లీ అంటోంది అనుకున్నా."

దాని ఇంటి వెనక గోడ పగిలి రెండేళ్ళయింది. పగులులో చెయ్యి పడుతుందిప్పుడు. ఇల్లు అక్కాతమ్ముళ్ళిద్దరి పేరు మీదా ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప గోడ కూల్చి కట్టనివ్వరు. లేదా తమ్ముడు ఇక లేడని ఆఫీసులో కాగితం పుట్టాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టమని బంధువులు మొత్తుకుంటే వాళ్ళతో మాటలు మానేసింది గానీ పెన్ను ముట్టుకోలేదు.

"వచ్చే బుధవారం వెళ్తున్నా అక్కా. సంతకం పెట్టేస్తా. మీరు చెప్పారు కాబట్టే పెడుతున్నా. ఇంకెవరు చెప్పినా వినేదాన్ని కాదు."

అప్పుడే చెప్పాల్సింది నేను. టీ తెప్పిస్తానంది. వద్దులే, కొట్టు తెరవాలి అన్నాను. వచ్చేశాను.

మార్చి 20, గురువారం

మంచిదే కదా. గోడ మీద పడితే? పంతొమ్మిదేళ్ళు తక్కువా? ఎవరో ఒకరు చెప్పవలసిన మాటే. అది నా నోటి నుంచి వచ్చింది, కొంచెం తెలియకుండా వచ్చింది. మందు ఎవరు ఇస్తేనేం, రోగం తగ్గితే చాలదా?

మార్చి 21, శుక్రవారం

మంచిదే కదా.

మార్చి 22, శనివారం

అత్తగారు అన్నం ముందు కూర్చోబెట్టి అడిగారు. మూడు రోజులుగా కంచంలో చెయ్యి పెట్టి తిప్పుతున్నావు, ఏమిటి సంగతి అని. మొత్తం చెప్పాను. పన్నెండు చీటీలూ, టేపమ్మా, సంతకమూ. మంచిదే కదా అత్తయ్యా అని కూడా అన్నాను.

"మంచో చెడో దాని ఇష్టం. నువ్వు చదివావనుకుని పెడుతోంది అది. తమ్ముణ్ణి పంపించేటప్పుడు పిల్ల నీ భుజం మీద చెయ్యి వేసుకుంది. అక్కడ భుజం లేదని నీకు తెలుసు, దానికి తెలీదు."

కంచంలో మెతుకులు ఒక పక్కకి తోశాను.

"కళ్ళు చూపించుకోమంటే బల్బులు మారుస్తావు. ఎందుకో నాకు తెలీదనుకోకు."

మా ఆయన కొట్టు తాళాలు నా చేతిలో పెట్టి, చిన్న ఆపరేషనే, సాయంత్రానికి వచ్చేస్తాను అన్నారు. నాలుగేళ్ళయింది. డాక్టర్ల తప్పేమీ లేదు, గుండె తట్టుకోలేదన్నారు. ఆ చిన్న అనే మాట వింటేనే నాకు అరికాళ్ళు చల్లబడతాయి.

"వాడు నా కొడుకు. వాడు పోయిన ఆసుపత్రికే, అవే మెట్లెక్కి, నేను వెళ్ళి కళ్ళు చేయించుకున్నా. నాకు భయం లేకనా?" అన్నారు అత్తగారు. అని మజ్జిగ పోశారు.

నాకు కళ్ళు కనిపించడం లేదు. నాకు భయం. రెండూ రాశాను. ఇక్కడ రాయగలిగాను కాబట్టి బయట కూడా చెప్పగలగాలి.

మార్చి 24, సోమవారం

పొద్దున్నే కొట్టు తెరిచి పన్నెండు చీటీలూ పీకేశాను. అట్ట ముక్క మీద లావు కలంతో, నాకు కూడా కనిపించేంత పెద్దగా రాసి అరకి కట్టాను: 'ఈ పన్నెండు పుస్తకాలకీ నేను చదవకుండానే చీటీలు రాశాను. నమ్మి కొన్నవాళ్ళు తిరిగి ఇచ్చేయవచ్చు. చదివాక కొత్త చీటీలు పెడతాను.'

మొదట చూసింది ఐదోపేజీ గారే. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"అయితే ఆ ముసలి ఇన్‌స్పెక్టరు..."

"మలుపు కాదండీ. నేను చదవలేదు. అబద్ధం చెప్పాను."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "నాకు ఐదో పేజీలోనే అనుమానం వచ్చింది" అన్నారు చివరికి. పుస్తకాలు మాత్రం తిరిగివ్వనన్నారు. ఇంకో ఇద్దరు ఇచ్చేశారు. ఒకావిడ ఏమీ అనకుండా చూసి వెళ్ళిపోయింది. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

టేపమ్మ రాలేదు. రేపు నేనే వెళ్తాను. ఈసారి కొట్టు తెరవాలని సాకు చెప్పకుండా ఉండేందుకు, తాళాలు అత్తగారికిచ్చి వెళ్తాను.

మార్చి 25, మంగళవారం

వెళ్ళాను. చెప్పాను.

కూర్చోకుండానే చెప్పాను, కూర్చుంటే మళ్ళీ టీ దగ్గరకి పోతుందని. "ఆ పుస్తకం నేను చదవలేదమ్మా. చివరా చదవలేదు, మొదలూ చదవలేదు. అందరూ అని రాసింది ఏమీ తోచక. నీకేదో చెప్పాలని కాదు. నేను నీకేమీ చెప్పలేదు."

దాని చేతిలో లంగా అంచు ఉంది. పిన్నులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అన్నీ తీసేదాకా తలెత్తలేదు.

"పదకొండేళ్ళు చదివారుగా. ఈ ఒక్కటీ ఎందుకు చదవలేదు?"

"కళ్ళు కనబడటం లేదు."

నమ్మలేదు. సాకు అనుకుంది. మిషను సొరుగులోంచి సూది, నల్లదారం తీసి నా చేతిలో పెట్టింది. "ఎక్కించండి" అంది.

కిటికీ దగ్గరకి వెళ్ళాను. దారం కొస తడి చేసి, వేళ్ళతో నలిపి, సూది ఉందనుకున్న చోటికి పంపించాను. సూది అక్కడ లేదు. మళ్ళీ పంపించాను. ఎన్నిసార్లో తెలియదు. వేలికి గుచ్చుకున్నాక అది లేచి వచ్చి రెండూ తీసేసుకుంది. చూడకుండానే ఎక్కించింది.

"ఎన్నాళ్ళుగా?"

"ఏడాది దాటింది."

"ఏడాదిగా నాకిచ్చినవన్నీ?"

"చివరి అధ్యాయం మాత్రం ఎలాగోలా చదివేదాన్ని. భూతద్దం పెట్టుకుని. ఈసారి అది కూడా చేతకాలేదు."

అప్పుడు వచ్చింది కోపం. గట్టిగా అరవలేదు, అరిచినా బాగుండేది. "కనబడట్లేదక్కా అని ఒక్క మాట. చిన్న మాట. నేను వచ్చి చదివి పెట్టేదాన్ని కాదా? నేను వాడిని..." అని ఆగిపోయింది. గోడకి తగిలించిన కొలతల పుస్తకం వైపు చూసింది. అందులో తమ్ముడి కొలతల పేజీ ఇంకా ఉంది, నాకు తెలుసు.

"వెళ్ళండక్కా" అంది.

వచ్చాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. కానీ నిన్నటి కంటే తేలిగ్గా ఉంది, అది కూడా నిజం.

మార్చి 26, బుధవారం

ఆఫీసు పదిన్నరకి తెరుస్తారు. గడియారం ముల్లు కనిపించదు, చప్పుడు వింటూ కూర్చున్నాను.

మార్చి 31, సోమవారం

వచ్చింది. గుమ్మంలోనే అట్ట ముక్క మీద నేను రాసింది మొత్తం చదివింది. తర్వాత లోపలికి వచ్చి, నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, సంచిలోంచి బూడిదరంగు పుస్తకం తీసింది. తిరిగి ఇచ్చేస్తుందనుకుని చెయ్యి చాచాను. ఇవ్వలేదు.

"బుధవారం వెళ్ళలేదు" అంది. "మీ మాట తీసేస్తే ఇంకేం మిగిలిందో చూద్దామని మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి మీరెక్కడా లేరు. ఆ ఆడమనిషీ నేనూ మాత్రమే ఉన్నాం. ఆవిడ గొడుగు ఇచ్చేసినప్పుడు, వాడిని మరిచిపోయిందని అనుకున్నా మొదటిసారి. అది కాదక్కా. గొడుగు వేరు, మనిషి వేరు. తడుస్తున్నవాళ్ళు కళ్ళ ముందు ఉంటే గొడుగు మడిచి పట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాం?"

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"శుక్రవారం వెళ్ళి పెట్టేశాను. మీరు చదవకుండా ఇచ్చారు. నేను చదివి పెట్టాను. ఆ సంతకం నాది."

నాకు ఏడుపు వచ్చింది. అది ఏడవలేదు. టేపు కొసని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. కొలతల పేజీ చింపేశావా అని అడిగాను. "అదెందుకు చింపుతాను?" అంది, వెర్రిదాన్ని చూసినట్టు చూసి.

లేచి వెళ్తూ అంది, "మీ మీద కోపం పోలేదు. పోవాలంటే ఒకటే దారి. బుధవారం కళ్ళ డాక్టరు దగ్గరికి నాతో వస్తున్నారు. అత్తమ్మగారితో మాట్లాడేశాను."

ఇద్దరూ ఎప్పుడు కూడబలుక్కున్నారో నాకు తెలియదు.

ఏప్రిల్ 2, బుధవారం

పొరలు. రెండు కళ్ళకీ. ముదిరిపోయాయట. ముందు ఒక కన్ను, నెల పోయాక రెండోది. డాక్టరమ్మ చిన్న ఆపరేషనే అనబోయింది, టేపమ్మ గబుక్కున అడ్డం పడింది. "ఎంతసేపు పడుతుందో చెప్పండి, చిన్నదో పెద్దదో మేం చూసుకుంటాం" అంది. ఇరవై నిమిషాలట.

పదో తారీకు రాయించుకున్నాను. నేనే చెప్పాను ఆ తేదీ, వాళ్ళు అడిగే లోపే.

ఏప్రిల్ 9, బుధవారం

రేపే. తాళాలు అత్తగారికిచ్చాను. సాయంత్రానికి వచ్చేస్తానని మాత్రం అనలేదు. "నీ చీటీల సంగతి రేపటి నుంచి నేను చూసుకుంటాను, నువ్వేం కంగారు పడకు" అన్నారు. అది విన్నాక నిజంగా కంగారు పుట్టింది.

అరికాళ్ళు చల్లగానే ఉన్నాయి. అయినా వెళ్తాను.

ఏప్రిల్ 10

కోడలు రాయమంది, తేదీ తప్పకూడదట. ఆపరేషన్ అయింది. బతికే ఉంది. ఆకలి అంది, పెట్టాను. కుట్టుపిల్ల పక్కనే కూర్చుంది. వెనక పేజీలు నేను చదవలేదు. ఒకటి రెండు చదివాను. వెధవ అనే మాట నేను అనలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

చదువుకోవచ్చన్నారు, ఒక గంట. కట్టు విప్పాక మొదట ఈ డైరీయే తెరిచాను. మార్చిలో రాసినవి చూసి భయం వేసింది. అక్షరాలు గీత మీద లేవు, ఒక వాక్యం ఇంకో వాక్యం లోపలికి దూరిపోయింది. ఇలా రాసుకుంటూ నిద్ర చాలలేదని అనుకున్నానా?

కొట్టు నిండా దుమ్ము. బల్బు వైపు చూడలేకపోయాను, కళ్ళలో గుచ్చుకుంది. పాతది పెట్టించాను. అత్తగారి మొహం చూసి, ఇన్ని ముడతలెప్పుడు వచ్చాయి అత్తయ్యా అన్నాను. "అద్దం అక్కడుంది, వెళ్ళి చూసుకో" అన్నారు. వెళ్ళాను. ఆవిడ అన్నది నిజమే.

ఏప్రిల్ 20, ఆదివారం

'గొడుగు మరిచిన మనిషి' పూర్తి చేశాను. రోజుకి గంట చొప్పున మూడు రోజులు, మొదటి పేజీ నుంచి. అత్తగారు చదివినప్పుడు విన్నదే. అయినా వాన మొదలయ్యే చోట ఆగి కాసేపు వీధిలోకి చూడాల్సి వచ్చింది.

ఏప్రిల్ 21, సోమవారం

కొత్త చీటీ రాశాను. ఎవరు పోయారు: గొడుగు మరిచిన ఒక మనిషి. ఎవరు వెతుకుతున్నారు: అతని భార్య. ఎవరు చదవకూడదు: ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళు.

టేపమ్మ వచ్చేసరికి సిరా ఆరలేదు. వెనక గోడ పడగొట్టడం మొదలుపెట్టారట, జుట్టు నిండా సున్నం ఉంది. చీటీ చదివి తల అడ్డంగా ఊపింది.

"మూడోది కొట్టెయ్యండి అక్కా. వాళ్ళు చదవకపోతే ఇంకెవరు చదువుతారు?"

"మరేం రాయమంటావు? అందరూ అని మాత్రం చస్తే రాయను."

అది ఆలోచించింది. టేపు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

"తొందరలో ఉన్నవాళ్ళు అని రాయండి. నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది."

కొట్టేసి, అదే రాశాను. 

తర్వాత కొత్తది ఏదైనా ఇవ్వమంది. పియానో అట్టది తీశాను. ఇంకా నలభై పేజీలే చదివాను, బాగానే నడుస్తోంది, అంతకు మించి తెలియదని చెప్పాను. చెబుతూనే అలవాటు కొద్దీ నా వేళ్ళు చివరి అధ్యాయం వైపు వెళ్ళాయి. టేపమ్మ పుస్తకం మీద అరచెయ్యి పెట్టి మూసేసింది.

"చూడకండక్కా."

చివర చూడకుండానే ఇచ్చాను. ఈసారి అది అడిగింది కాబట్టి ఇచ్చాను.